పోషకాలు పళ్లెంలో ఉన్నాయి, డబ్బాలో కాదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేము చెప్పదలచుకున్నది మనం తినే తిండి గురించి, క్యాన్సర్ గురించి. శుభమా అని సభ జరుగుతుంటే ఆ జబ్బు పేరెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కానీ మన ఇళ్లలో ఒక కొత్త ఖర్చు కనిపిస్తున్నది. "క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది" అన్న మాట నమ్మి, మగ్గం మీద సంపాదించిన డబ్బుతో పొడి డబ్బాలు, విటమిన్ మాత్రలు కొంటున్నారు. అమ్మేది తెలిసినవాళ్లే కాబట్టి మొహమాటానికి కాదనలేకపోతున్నారు. అందుకే ఈ మాట అందరి ముందూ చెప్పాలనుకున్నాము.

కూరగాయలు, పళ్లు బాగా తినేవారిలో కొన్ని క్యాన్సర్లు తక్కువని శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే గమనించారు. క్యారెట్, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్ వల్లే ఈ మేలు అనుకుని, దాన్ని మాత్రగా చేసి పరీక్షించారు. ఫిన్లాండ్ దేశంలో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారి మీద ఆ పరీక్ష జరిగింది. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది! అమెరికాలో ఇలాంటి మరో పరీక్షను, కీడు కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ మాత్రలదీ అదే కథ. 35 వేల మందికి పైగా మగవారి మీద జరిగిన పరీక్షలో, ఆ మాత్రలు వేసుకున్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది.

ఎందుకిలా? మన పనిలోంచే చెప్పుకుందాం. ఒక్క పోగు చేతిలో పట్టుకుని ఇదే చీర అనగలమా? పడుగూ పేకా కలిస్తేనే చీర. తోటకూరలో పీచు, ఫోలేట్, విటమిన్లు, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని విడదీసి, పెద్ద మోతాదులో మింగితే అదే మేలు జరగదు.

అయితే ఒక్క మాట. రక్తహీనతకు ఐరన్, గర్భిణులకు ఫోలిక్ యాసిడ్, బి12 లోపానికి మందులు డాక్టరుగారు రాసిచ్చి ఉంటే, అవి మానకండి. అది లోపానికి చేసే వైద్యం. మేము చెప్పేది డాక్టరును అడగకుండా కొనే డబ్బాల సంగతి. క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవారైతే, ఏ పొడి వాడుతున్నా డాక్టరుగారికి తప్పక చెప్పాలి.

మరి ఏం తినాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క ఇది: రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు. పళ్లంటే ఆపిలే కానక్కర్లేదు, జామకాయ, బొప్పాయి చాలు. పీచు ఉన్న ముడిధాన్యాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. మన రాయలసీమ సంగటి, ఇక్కడి రాగిముద్ద ఒకటే కదా! పాలిష్ బియ్యం కొంత తగ్గించి, దాన్ని మళ్లీ పళ్లెంలోకి తెచ్చుకుందాం. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదు. ఊరగాయ ముద్దముద్దకీ కాకుండా నాలుక్కి తగిలేంత వేసుకుంటే సరి. బూజు పట్టిన వేరుశనగ గింజలను ఏరి వేయించుకోవడం కాదు, పారేయండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది, వేయించినా పూర్తిగా పోదు.

తిండి ఎంత బాగున్నా, నోట్లో వక్క, గుట్కా, ఖైనీ ఉంటే లాభం లేదు. పొగాకు కలపని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం ఇరవై ఏళ్ల కిందటే తేల్చింది. బీడీ, మద్యం సంగతి వేరే చెప్పాలా? ఒళ్లు పెరగడం కూడా ముప్పే. మగ్గం దగ్గర, మిషన్ దగ్గర గంటల తరబడి కూర్చునేవాళ్లం, రోజూ అరగంట నడుద్దాం.

ఇవన్నీ ముప్పును తగ్గించేవే కానీ, పూర్తి హామీ కాదు. జాగ్రత్తగా తిన్నవారికీ జబ్బు రావచ్చు. అందుకని జబ్బుపడ్డవారిని "ఏం తిన్నావో, ఏం చేశావో" అని నిలదీయకండి. వాళ్లకు కావలసింది తోడు.

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. దగ్గరి కేంద్రంలో అడగండి. నోట్లో మానని పుండు, రొమ్ములో గడ్డ, మలంలో రక్తం కనిపిస్తే ఏ పొడితోనూ కాలయాపన చేయకండి. హోసూరు రోడ్డులో 1973 నుంచి కిద్వాయి ఆసుపత్రి ఉంది. బీపీఎల్ కార్డు ఉన్నవారు ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం గురించి అక్కడే అడగవచ్చు.

ఈ సంవత్సరం మేము కోరేది ఒక్కటే. డబ్బాకు పెట్టే డబ్బు ఈ నెల నుంచి ఆకుకూరలకు, పళ్లకు పెట్టండి. ఇంట్లో 30 దాటిన ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా అందరికీ వడ్డించి చివర తినే మన ఆడవాళ్లను, ఒకసారి పరీక్షకు తీసుకువెళ్లండి.