స్టేషన్ నుంచి నోటీసు వస్తే

మీ పేరు మీద కేసు కట్టారని కబురొస్తే ఊరు వదిలి పోకండి. అంతకన్నా చేటు లేదు.

2024 జులై 1 నుంచి నేర విచారణ పద్ధతి చట్టమైన సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత నడుస్తోంది. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాలకు పోలీసులు సాధారణంగా ఈ కొత్త చట్టంలోని 35(3) సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. పాత చట్టంలో దీన్నే 41-ఏ నోటీసు అనేవాళ్లు. చెప్పిన రోజున హాజరైతే, కారణం రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. అక్కడ నోరు విప్పండి: ఎప్పుడు పట్టుకొచ్చారు, కొట్టారా, ఇంటివాళ్లకు చెప్పారా, అన్నీ చెప్పండి. భయపడి తలూపి వచ్చేవాళ్లే ఎక్కువ.

రిమాండులో 60 రోజులు, పెద్ద నేరాలైతే 90 రోజులు దాటినా చార్జిషీటు పడకపోతే బెయిలు మీ హక్కు. కాకపోతే చార్జిషీటు పడేలోపే అడగాలి. బెయిలు వచ్చాక ధర్మవరంలో మగ్గం ఆగిపోతుందనో, హిందూపురం యార్డులో చింతపండు వేలం ఉందనో వాయిదా ఎగ్గొడితే నాన్‌బెయిలబుల్ వారంటు బయలుదేరుతుంది.

లాయరుకు డబ్బు లేదా? కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఏ కోర్టులోనైనా న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.