వైద్యవిద్యకు వాకిళ్లు



రజతోత్సవ సభలో కావ్యగోష్ఠి వినవలెనని వచ్చినవారికి ఈ ప్రసంగ విషయము కొంత శుష్కముగా తోచవచ్చును. కాని సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చు పిల్లల చేతిలో నేడు కనబడునది కావ్యము కాదు, జీవశాస్త్రపు ప్రశ్నల పుస్తకము. ఇంటర్మీడియటులో జీవశాస్త్రము తీసికొన్న బిడ్డకు ఇంటిలో వినబడు మాట ఒక్కటే: డాక్టరు కావలెను. నీట్ పరీక్షలో ప్రశ్నలు 180, మార్కులు 720. తగిన మార్కులు రాకున్న మరల ఒక ఏడు, అప్పటికిని రాకున్న ఇంకొక ఏడు. శిక్షణాలయపు ఫీజు కొరకు బావి క్రింది అరెకరము అమ్మకమునకు వచ్చును. తుదకు బి.యస్సీ.లో చేరిన నాడు ఆ బిడ్డ ఓడిపోయినవారివలె తల వంచుకొని కాలేజీకి పోవును. ఆ తల వంచుకొనవలసిన పని లేదనుటకు నిదర్శనము ఎక్కడనో వెదుకనక్కరలేదు, మదనపల్లెలోనే ఉన్నది.

1915వ సంవత్సరమున ఆ ఊర రెండు సంస్థలు తలుపులు తెరచినవి. ఒకటి అనిబిసెంటు స్థాపించిన కళాశాల. 1919లో రవీంద్రుడు అక్కడ బసచేసి 'జనగణమన'ను ఇంగ్లీషున వ్రాసిన కథ ఎరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. రెండవది ఊరి వెలుపల క్షయరోగులకై ఏర్పడిన ఆరోగ్యవరము శానిటోరియము. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. పాట కథ చెప్పుకొన్నంతగా ఈ కథను ఎవరును చెప్పుకొనరు.

నాడు క్షయకు మందు లేదు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఇవియే చికిత్స. పిమ్మట మందులు వచ్చినవి. 1948లో దేశమున బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన తొలి తావులలో మదనపల్లె ఒకటి. 1950 మొదలు 1955 వరకు ఆరోగ్యవరమువారు పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలయందును జనులను లెక్కవ్రాసి, చేతికి ట్యుబర్క్యులిన్ సూదివేసి చూచి, ఎక్స్‌రేలు తీసిరి. వినుటకిది తేలికగనే ఉండును. గ్రామలెక్కలు వ్రాసినవారికి తెలియును దానిలోని కష్టము! ఒకే వీధిలో ఒకే ఇంటిపేరు గల వెంకటప్పలు ముగ్గురుందురు. కాన్పునకు పుట్టింటికి పోయిన కోడలిని ఏ యింట వ్రాయవలెను? బెంగుళూరికి కూలికి పోయినవానిని ఉన్నవానిగా వ్రాయుటయా, లేనివానిగానా? ఈ వ్రాత తప్పెనా, రెండవమారు వచ్చి చూచినప్పుడు రోగము ఎవరికి క్రొత్తగా వచ్చినదో, ఎవరికి పాతదో తెలియదు. వైద్యశాస్త్రములో ఎంత భాగము ఈ చిట్టాలపై నిలిచియున్నదో బి.యస్సీ. విద్యార్థి గ్రహింపవలెను.

క్షయ పట్టణముల రోగమని, పల్లెలకు దాని భయము తక్కువని నాడు చదువుకొన్నవారును నమ్మిరి. 1955–58 సంవత్సరములలో దేశమున జరిగిన సర్వేలో ఆ నమ్మకము కూలినది. పల్లెలోను పట్టణములోను రోగము ఇంచుమించు సమానముగనే ఉన్నదని తేలినది. ఆ సర్వే కేంద్రములలోను మదనపల్లె ఒకటి. 1956లో మదరాసున ఏర్పడిన చికిత్సా కేంద్రమువారు మరియొక సంగతిని 1959లో ప్రకటించిరి. శానిటోరియములో పడుకొన్నవారికిని, ఇంట నుండియే ఏడాదిపాటు మందు మ్రింగినవారికిని ఫలితము దాదాపు సమానమే. ఇంటిలోని తక్కినవారికి అందువలన రోగము అధికముగా అంటనులేదు.

దీనితో చికిత్స ఆసుపత్రి మంచము వీడి రోగి యింటి అరుగుమీదికి వచ్చినది. నెలల తరబడి మందు మ్రింగుచున్నాడా లేదా అని చూచువారు కావలసివచ్చిరి. కఫమును పరీక్షించువారు, లెక్క కట్టువారు, మానివేసినవానిని మరల త్రోవకు తెచ్చువారు కావలసివచ్చిరి. డాక్టరొక్కడే ఇన్ని చేయజాలడు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగింట ఒక పాదము పరిచారకునిది. నేడు దానినే నర్సనియు, లాబ్ టెక్నీషియననియు, ఫార్మసిస్టనియు పలుతెరగుల పిలుచుచున్నారు. ఇక వైద్యునికి కావలసిన గుణములలో శాస్త్రపరిచయము వెంటనే, కర్మను పలుమార్లు కన్నులార చూచి యుండుటను చరకుడు చేర్చెను. సుశ్రుతుడు మరియొక అడుగు ముందుకు పోయి, శిష్యులచేత సొరకాయలమీదను దోసకాయలమీదను కోత అభ్యాసము చేయింపుమనెను. ప్రశ్నల పుస్తకము వేయిసార్లు తిరుగవేసినను ఈ చూపు రాదు. సెలవులలో అనుమతి పొంది ఒక ఆసుపత్రి వరండాలో నెలదినములు చీట్లు వ్రాసిన బిడ్డకు, తనకు ఈ వృత్తి సరిపడునో లేదో తెలియును. రక్తము చూచి కళ్లు తిరుగువాడు ఆ సంగతి అరెకరము అమ్మకముందే తెలిసికొనుట మంచిది కాదా?

వరండాలో తెలియు సంగతి ఇంకొకటి కలదు. కుప్పము మూడు రాష్ట్రములు కలియుచోట ఉన్నది. ఈ శతాబ్దారంభమున అక్కడ వెలసిన పి.ఇ.ఎస్. వైద్యకళాశాల వంటి చోటికి వచ్చు రోగి ఒకడు 'నెంజు వలి' అనును, ఒకడు 'ఎదె నోవు' అనును, మన పల్లెవాడు 'రొమ్ములో నొప్పి' అనును. ముగ్గురిదియు ఒకే బాధ. ఇంటిలో తెలుగు, సంతలో అరవము, కన్నడము విని పెరిగిన మన పిల్లలకు ఇది అయాచితముగా అబ్బిన విద్య. దానిని మోటుతనమని దాచుకొనుచున్నారు! కొరతయల్లా ఇంగ్లీషులో. నీట్ తెలుగున వ్రాయవచ్చును గాని, పై చదువు ఇంగ్లీషుననే. దినమునకు ఒక పుట నిఘంటువు చేతబట్టి చదువుట తప్ప దీనికి వేరు మందు లేదు.

పుంగనూరు పొట్టి ఆవును గూర్చి గర్వించువారు ఇది కూడ వినవలెను. పశువుల క్షయ పచ్చిపాలగుండ మనుష్యులకు సోకగలదు. జంతుశాస్త్రము చదివిన బిడ్డ ఇంటిలో పాలు కాగువరకు ఆగుమని చెప్పగలిగిన, ఆ చదువు అప్పుడే పనికి వచ్చినట్లు.

ఇక ద్వారముల మాట. ఏ చదువునుండి ఏ ద్వారము తెరచుకొనునో తెలియకనే మోసము వచ్చుచున్నది. నర్సింగు పట్టమునకు ఇంటర్ పిమ్మటనే చేరవలెను, నాలుగేండ్లు. ఆ పట్టము లేనివారికి యం.యస్సీ. నర్సింగు లేదు. సాధారణ బి.యస్సీ. ముగించి అటు పోవుదమనుకొన్నవారు తుదకు చిన్నబోవుదురు. ఫార్మసీ పట్టమును ఇంటర్ తరువాతనే, నాలుగేండ్లు. అయితే బి.యస్సీ. వారికి ప్రజారోగ్య శాస్త్రమున రెండేండ్ల యం.పి.హెచ్. కలదు, ఆసుపత్రి నిర్వహణ కలదు, సూక్ష్మజీవశాస్త్రము, జీవరసాయనము కలవు. ఇంటింటికి పోయి లెక్క వ్రాసి రోగపు జాడ పట్టుటను శాస్త్రముగా నేర్పునది ఆ మొదటి చదువే.

గ్రంథాలయపు బల్లమీద, దినపత్రికల ప్రక్కన, అడంగలు మాదిరి గళ్లు గీసిన ఒక పుస్తకము ఉంచవచ్చును. చదువు పేరు ఒక గడి, దానికి ముందు కావలసిన చదువు ఒక గడి, ఏండ్లు, ప్రవేశ పరీక్ష, ఫీజు, గుర్తింపు కలదా లేదా, ఈ ఊరినుండి అందులో చేరినవారెవరు. చివరి గడి వారి అనుమతితోనే వ్రాయవలెను. ప్రతి ఏటను ఫలితములు వచ్చు మాసమునకు ముందు దానిని సరిచూచుటకు ఇద్దరు చందాదారులు పూనుకొనిన చాలును. పుస్తకమునకును సిరాకును అగు వ్యయము స్వల్పమే.