మేఘమందలి కొట్టు, ఇంటిలోని పెట్టె

పూర్వము మన యిండ్లలో విలువైన కాగితములకు ఒక నియతమైన చోటు ఉండెడిది. పొలము దస్తావేజులు, జాతకచక్రములు, శుభలేఖలు, పెద్దల ఛాయాచిత్రములు ఏ భోషాణములోనో, ట్రంకు పెట్టెలోనో భద్రముగా నుండెడివి. ఆ పెట్టె యెక్కడ నున్నదో, తాళపుచెవి యెవరి కొంగున నున్నదో ఇంటిల్లిపాదికిని తెలియును. నేడు ఆ సంపదలో అధికభాగము చేతిలోని ఫోనులోనికి వచ్చి చేరినది. ఫోను పోయిన నాడు వాని గతి యేమని అడిగినచో, "అన్నియు క్లౌడులో ఉన్నవి" అని పిల్లలు ధైర్యము చెప్పుదురు. ఆ మాటకు అర్థమేమో, ఆ ధైర్యమునకు ఆధారమెంతయో విచారింతము.

క్లౌడనగా మేఘము. పేరునకు మేఘమే గాని అది ఆకసమున లేదు, నేలమీదనే ఉన్నది. విశాలమైన భవనములలో బీరువాలవంటి చట్రములు వరుసలు దీరియుండును. వానియందు వేలకొలది డిస్కులు, వానిని చల్లబరచుటకు యంత్రములు, విద్యుత్తు ఆగినపుడు ఆదుకొనుటకు బ్యాటరీలు, జనరేటర్లు ఉండును. వీనికే డేటా సెంటర్లని పేరు. అమెజాన్ సంస్థ 2006 మార్చిలో ఇట్టి నిలువచోటును అద్దెకిచ్చుట ప్రారంభించినది. గూగుల్ డ్రైవ్ 2012లో వచ్చినది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదు ప్రాంతమున ఇట్టి కేంద్రముల సముదాయము నొకదానిని తెరచినది. కావున మేఘ మెక్కడో దూరమున నున్నదని తలపనక్కరలేదు.

ఈ భవనములలో సాధారణముగా ఒక్కొక్క దస్త్రమునకు ఒకటికి మించిన ప్రతు లుండును. ఒక డిస్కు చెడినను మరియొకటి ఆదుకొనును. సామాన్య గృహస్థు ఇంటివద్ద ఇంత యేర్పాటు చేసికొనలేడు. అయినను ప్రతి లేనిచో ఎంత పెద్ద భవనమైనను రక్షింపలేదు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా సెంటరులో లిథియం బ్యాటరీలనుండి అగ్నిప్రమాదము సంభవించినది. ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రములు దాచుకొను జీ-డ్రైవ్ అను భాండాగారము, 858 టెరాబైట్ల సమాచారముతో దగ్ధమైనది. దానికి వేరొక చోట ప్రతి లేదు.

గృహస్థునకు అగ్నికంటె చేరువలోనున్న ప్రమాదము వేరొకటి కలదు. ఫోనును, క్లౌడును ఏకరీతిగా ఉంచుట వేరు. రెండవ ప్రతిని భద్రపరచుట వేరు. మొదటిది అద్దమువంటిది. ఎదుటనున్న వస్తువు తొలగినచో ప్రతిబింబమును తొలగును. క్లౌడునకు చేరిన చిత్రమును గూగుల్ ఫోటోస్ నుండి తొలగించినచో, ఫోనునుండియు క్లౌడునుండియు పోవును. అరువది దినములు చెత్తబుట్టలో నుండి, అటుపై శాశ్వతముగా నశించును. ఫోను నిండినదని తొందరపడి చిత్రములు చెరిపివేయువారు ఈ భేదమును ముందుగా గుర్తింపవలెను.

చోటును గూర్చియు ఒక మాట. గూగుల్ సంస్థ ఉచితముగా నిచ్చునది 15 గిగాబైట్లు. చిత్రమొకటికి 4 మెగాబైట్లు చొప్పున, ఉత్తరములు మొదలగున వేవియు లేకున్నను, అందు దాదాపు మూడువేల ఏడువందల ఏబది చిత్రములు మాత్రమే పట్టును. అది నిండిన పిమ్మట క్రొత్త చిత్రములు పైకి చేరవు. ఈ సంగతి గమనింపనివారు పెక్కుమంది.

ఇక ఇంటిలోని పెట్టె. 1956లో ఐ.బి.యం. సంస్థ నిర్మించిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్ళెములు ఏబది ఉండెడివి. బరువు టన్నుకు పైబడినది. అందు పట్టినవి ఏబది లక్షల అక్షరములు. నేటి ఫోను తీయు చిత్రమొకటికి దాదాపు అంత చోటు కావలెను. నేడు అరచేత నిముడు ఒక టెరాబైటు డిస్కులో అట్టి చిత్రములు రెండున్నర లక్షలు పట్టును. అయితే అందలి పళ్ళెము నిమిషమునకు వేలసారులు తిరుగును. చదువు ముల్లు దానికి తాకీ తాకనట్లు పైన తేలుచుండును. తిరుగుచున్నపుడు క్రిందపడినచో పళ్ళెము గీసికొనిపోవచ్చును. తిరుగుడు భాగములు లేని ఎస్.ఎస్.డి. దెబ్బకు ఓర్చును గాని, విద్యుత్తు తగులక చిరకాలము మూలనున్నచో అందలి సమాచారము క్షీణింపవచ్చును.

పెట్టెకు గల పెద్దలోపము, అది ఇంటితోపాటు మునుగుట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ యిండ్లలోనికి వచ్చినపుడు, బీరువా క్రింది అరలోనున్న ఫోనును, డిస్కును నీటికి భేదము లేదు.

కావున ఈ విద్య తెలిసినవారు ఒక సూత్రము చెప్పుదురు: ప్రతులు మూడు, సాధనములు రెండు, వెలుపలి చోటు ఒకటి. ఫోనులో ఒక ప్రతి, ఇంటిడిస్కులో ఒక ప్రతి, క్లౌడులో ఒక ప్రతి ఉన్నచో సూత్రము నెరవేరినట్లే. నెలకొకసారి డిస్కును తగిలించి ప్రతి తీసికొని, వెంటనే విడదీయవలెను. తగిలించియే ఉంచినచో, దస్త్రములకు తాళము వేసి సొమ్మడుగు దుష్టప్రోగ్రాములు దానినిగూడ పట్టుకొనును. అప్పుడప్పుడు నాలుగైదు చిత్రములు తెరచి చూడవలెను.

కడపటి మాట తాళపుచెవిని గూర్చి. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించు నియమమును గూగుల్ 2023 డిసెంబరునుండి అమలుపరచుచున్నది. ఇంటిపెద్ద గతించినచో ఆయన ఖాతాలోని చిత్రములు, ఆయన కంఠధ్వని, ఎవరును తెరువక అట్లే పోవచ్చును. తరువాత ఖాతా ఎవరికి చెందవలెనో ముందే తెలుపుటకు గూగుల్ ఏర్పాటు చేసినది. ఆపిల్ సంస్థయు 2021లో వారసుని పేర్కొను వసతి కల్పించినది. దూరదేశములలో పిల్లలున్న తలిదండ్రులు ఈ పని వాయిదా వేయరాదు.

తాళపత్ర గ్రంథములు మనవరకు వచ్చినది ఆకు గట్టిదగుటచేత కాదు. తరతరమున ఎవరో ఒకరు ఓపికతో ప్రతి వ్రాసికొనుటచేత. నేడు ఆ పనికి గంటము పట్టనక్కరలేదు. నెలకొక ఆదివారము ఒక గంట చాలును.