పాలక్క సైకిలు ఎందుకు ఆగలేదు?



ఇప్పుడు ఊళ్లలోకి బ్యాటరీ సైకిళ్లు వచ్చాయి. కూరగాయలు అమ్మేవాళ్లు, పాలు పోసేవాళ్లు, పనికి పోయేవాళ్లు కొంటున్నారు. పాత సైకిలుకే మోటారు పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అమ్మేవాళ్లు ఎంతసేపూ ఒకటే చెబుతారు. ఇంత దూరం పోతుంది, ఇంత జోరుగా పోతుంది అంటారు. పోవడం సరే. ఆగడం సంగతి ఏమిటి? అది అడిగేవాళ్లు తక్కువ.

ఈ రోజు మాటలు ఆగడం గురించే. బ్రేకు గురించి, చైను గురించి. ముందు పాలక్క సంగతి వినండి.

పాలక్క అసలు పేరు వేరు. ఇంటింటా పాలు పోగుచేసి పాలకేంద్రంలో పోస్తుంది. అందుకని ఊరంతా ఆమెను పాలక్క అంటారు. ఆమెకు పదేళ్ల నాటి లేడీస్ సైకిలు ఉంది. వెనక క్యారేజీకి చెరో పక్క ఒక క్యాను. ఒక్కొక్కదాంట్లో 10 లీటర్లు. పాలకేంద్రం 4 కిలోమీటర్లు. ఎండాకాలం ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. అందుకని డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. కొత్త బండి కొనలేక పాత సైకిలుకే మోటారు పెట్టించింది. వెనక చక్రం నడుమ మోటారు. సీటు కింద బ్యాటరీ.

నెల రోజులు బాగానే నడిచింది. పాలక్క మురిసిపోయింది.

ఒక తెల్లవారుజామున చెరువు కట్ట దిగుతోంది. కట్ట కింద మలుపులో గేదె అడ్డం వచ్చింది. పాలక్క రెండు బ్రేకులూ గట్టిగా పట్టింది. బ్రేకు పిడి పోయి హేండిలుకు తగిలింది. సైకిలు మాత్రం ఆగలేదు. గేదెను తప్పించబోయి రాళ్ల మీద పడింది. 20 లీటర్ల పాలూ నేలపాలయ్యాయి. మణికట్టు బెణికింది. తలకు తగల్లేదు. అదే పదివేలు.

"ఆడవాళ్లకు బ్యాటరీ సైకిలు ఎందుకూ?" అన్నారు అరుగు మీద కూర్చున్నవాళ్లు. ఇలాంటి మాట కొత్తది కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలు నేర్పే ఉద్యమం జరిగింది. అక్కడ చదువుతో పాటు సైకిలు కూడా నేర్పారు. అప్పుడు కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆవిడ. వేల మంది ఆడవాళ్లు సైకిలు ఎక్కారు. అప్పుడూ నవ్వినవాళ్లు నవ్వారు.

పాలక్క ఆ మాటలు పట్టించుకోలేదు. సైకిలు నడిపించుకుంటూ బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే కుర్రాడి దగ్గరకు వెళ్లింది.

"తమ్ముడూ, బాగుచెయ్యడం తర్వాత. ఇది ఎందుకు ఆగలేదో ముందు చెప్పు" అంది.

కుర్రాడు సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. "అక్కా, సైకిలు పాతదే. జోరు కొత్తది. అదీ సంగతి" అన్నాడు.

ఆ మాట అర్థం చేసుకోవాలి. పాలక్క కాళ్లతో తొక్కేటప్పుడు గంటకు 12 కిలోమీటర్ల జోరున పోయేది. మోటారుతో 24 కిలోమీటర్ల జోరున పోతోంది. జోరు రెండింతలు అయింది. ఆగడానికి రెండింతల దూరం చాలు అనుకుంటాం. చాలదు. నాలుగింతలు కావాలి. మట్టసపు రోడ్డు మీద, 12 జోరులో ఉన్నప్పుడు బ్రేకు పట్టాక 2 గజాల్లో ఆగే సైకిలు, 24 జోరులో 8 గజాలు పోయి ఆగుతుంది. అది కూడా బ్రేకు పట్టిన తర్వాత లెక్క. కళ్లు గేదెను చూసి, చెయ్యి బ్రేకు పట్టే లోపలే ఒక సెకను పోతుంది. ఆ సెకనులో సైకిలు ఇంచుమించు 7 గజాలు పోతుంది. రెండూ కలిపితే 15 గజాలు. కట్ట దిగుడులో అయితే ఇంకా ఎక్కువ. పాల బరువు సరేసరి. మోటారు, బ్యాటరీ బరువు దానికి తోడు.

తర్వాత కుర్రాడు మూడు తప్పులు చూపించాడు.

మొదటిది, బ్రేకు రబ్బర్లు. కొత్త రబ్బరు మీద గాళ్లు ఉంటాయి. గీతలు గీసినట్టు కనిపిస్తాయి. పాలక్క రబ్బర్లు అరిగి నున్నగా అయ్యాయి. గాళ్లు కనిపించకపోతే రబ్బరు మార్చాలి. అంతే. ఇంకో నెల చూద్దాం అనుకోకూడదు.

రెండో తప్పు పాలక్కదే. చైను కిర్రుమంటోందని ఆమె పాత ఇంజనాయిలు తెచ్చి ధారగా పోసింది. ఆయిలు కారి వెనక రిమ్ము మీద పడింది. రబ్బరు పట్టేది ఆ రిమ్మునే కదా! ఆయిలు చేతులతో తడి చేపను పట్టుకున్నట్టు అయింది.

మూడో తప్పు మోటారు పెట్టినవాళ్లది. బ్రేకు పిడిలో చిన్న స్విచ్చి ఉంటుంది. పిడి నొక్కగానే అది మోటారును ఆపేస్తుంది. ఆ స్విచ్చి ఉన్న పిడి పాలక్కకు పెట్టలేదు. పాత పిడే ఉంచేశారు. గాభరాలో ఆమె కుడి చెయ్యి ఎక్స్‌లేటరును కూడా తిప్పే ఉంచింది. బ్రేకు ఆపుతోంది, మోటారు తోస్తోంది. చివరికి మోటారే గెలిచింది.

డబ్బులు తీసుకుని ఆ స్విచ్చి పెట్టకపోవడం చిన్న తప్పు కాదు. మోటారు పెట్టించేవాళ్లు డబ్బులిచ్చే ముందే దీన్ని చూడాలి. వెనక చక్రం లేచేటట్టు స్టాండు వెయ్యాలి. ఎక్స్‌లేటరు తిప్పితే చక్రం తిరుగుతుంది. అప్పుడు ఒక బ్రేకు పిడిని కొంచెం నొక్కాలి. మోటారు వెంటనే ఆగిపోవాలి. తర్వాత రెండో పిడి. అదీ అంతే. ఆగకపోతే సైకిలు అక్కడి నుంచి తేవద్దు.

"డిస్కు బ్రేకు వేసెయ్యి తమ్ముడూ" అంది పాలక్క.

"దీనికి పట్టదక్కా" అన్నాడు కుర్రాడు.

డిస్కు బ్రేకు అంటే చక్రం నడుమ పలచని ఇనుప పళ్లెం ఉంటుంది. రెండు ప్యాడ్లు ఆ పళ్లేన్ని పట్టి ఆపుతాయి. వానలో, బురదలో అది బాగా పట్టుకుంటుంది. రిమ్ము కింద బురదలో ఉంటుంది, పళ్లెం పైన ఉంటుంది కదా! కానీ దానికి చక్రంలోను, ముందు ఫోర్కులోను బిగించే చోటు ముందే ఉండాలి. పాత సైకిళ్లకు అది ఉండదు. బలవంతంగా అతికిస్తే ప్రమాదం.

కొత్త సైకిలు కొనేవాళ్లకైతే డిస్కు మంచిదే. అందులోనూ రెండు రకాలు. ఒకటి వైరుతో లాగేది. రెండోది సన్న గొట్టంలో ఆయిలు నింపి నడిపేది. ఆయిలుది మెత్తగా పనిచేస్తుంది. కానీ చెడితే బాగుచేసేవాళ్లు ఊళ్లో దొరకాలి. పల్లెల్లో వైరు డిస్కే నయం. వైరు తెగితే బస్టాండులో కుర్రాడు మార్చగలడు. కొనేముందు ఆ ప్యాడ్లు దగ్గర్లో దొరుకుతాయో లేదో అడగాలి. ప్యాడు అరిగి ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాలి. ఇనుము ఇనుముతో గీసిన చప్పుడు వచ్చేదాకా ఆగకూడదు. ఆ పళ్లేనికి చుక్క నూనె తగిలినా బ్రేకు జారుతుంది. కట్ట దిగిన వెంటనే పళ్లేన్ని ముట్టుకోవద్దు. చెయ్యి కాలుతుంది.

పాలక్క సైకిలుకు కుర్రాడు కొత్త రబ్బర్లు వేశాడు. బ్రేకు వైర్లు రెండూ మార్చాడు. పాత వైరులో పిడి దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి. ఒక్క పోగు తెగినా వైరు మార్చాలి. రిమ్ములు సబ్బు నీళ్లతో కడిగి తుడిచాడు. స్విచ్చి ఉన్న పిళ్లు తెప్పించి బిగించాడు. పాలక్క వేళ్లు పొట్టివి. పిడి అందడం లేదు. పిడి దగ్గర చిన్న మర ఉంది. దాన్ని తిప్పి పిడిని దగ్గరకు తెచ్చాడు. ఈ మర చాలా పిళ్లకు ఉంటుంది. అడిగితే చేస్తారు. అడగకపోతే మగవాళ్ల చేతి కొలతే మనకు మిగులుతుంది.

ఇంకా జోరైన మోటారు వేయించుకోమని పాలక్కకు ఎవరో సలహా ఇచ్చారు. వద్దనుకుంది. చట్టం ప్రకారం మోటారు 250 వాట్ల లోపు ఉండాలి. జోరు గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. అప్పుడే లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. అది దాటితే మోటారు బండి కిందే లెక్క. పైగా సైకిలు బ్రేకు ఆ జోరును ఆపలేదు.

ఇక చైను సంగతి.

మోటారు వెనక చక్రంలో ఉంటే అది చైనును లాగదు. తొక్కినప్పుడే చైను మీద బరువు. కొన్ని కొత్త సైకిళ్లకు మోటారు పెడళ్ల దగ్గర ఉంటుంది. ఆ మోటారు చైనునే లాగుతుంది. కాలు బలం, మోటారు బలం రెండూ చైను మీదే. అలాంటి చైను తొందరగా అరుగుతుంది. కొనేముందు మోటారు ఎక్కడుందో చూసుకోండి. గేర్లు కూడా అంతే. మట్టసపు దారుల్లో తిరిగేవాళ్లకు ఒంటి చైను చాలు. గేర్లు ఎన్ని ఉంటే చెడేవి అన్ని.

చైను అరిగిందో లేదో కంటితో తెలియదు. కొలవాలి. పాలక్క కూతురి బడి సంచిలో స్కేలు ఉంది. ఒక పక్క సెంటీమీటర్లు, రెండో పక్క అంగుళాలు. అంగుళాల పక్కే కావాలి. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, పెడలు మీద చెయ్యి వేసి చైను బిగువుగా పట్టింది. ఒక పిన్ను నడిమికి స్కేలు మీద సున్నా పెట్టింది. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ అర అంగుళం. 12 అంగుళాల గీత దగ్గర సరిగ్గా ఒక పిన్ను నడుము ఉండాలి. పిన్ను ఆ గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు పోతే చైను మార్చాలి. 3 మిల్లీమీటర్లు పోతే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయినట్టే. కొత్త చైను వేసినా ఆ పళ్ల మీద జారుతుంది.

పాలక్క రెండుసార్లు కొలిచింది. 3 మిల్లీమీటర్లు దాటింది. చైను, ముందు పళ్ల చక్రం, వెనక ఫ్రీవీలు మూడూ కొనవలసి వచ్చింది. ముందే ఒకసారి కొలిచి ఉంటే చైనుతో పోయేది. ఆ డబ్బు తలుచుకుని ఆమె ఇప్పటికీ తిట్టుకుంటుంది.

కొత్త చైను బిగించాక పైకి కిందికి ఆడించి చూడాలి. అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే అరుగుతుంది. వదులైతే ఊడుతుంది. చైనుకు ఒక లాకు ఉంటుంది. చేప ఆకారంలో చిన్న రేకు. దాని మూసి ఉన్న కొస చైను పోయే వైపుకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

నూనె సంగతి పాలక్క నేర్చుకుంది. పాత ఇంజనాయిల్లో ఇనుప రజను ఉంటుంది. అది చైనును ఆకురాయిలా అరగదీస్తుంది. చైనును పాత గుడ్డతో తుడవాలి. ఒక్కొక్క కణుపు మీద ఒక్కొక్క చుక్క చైను నూనె వెయ్యాలి. పెడలు వెనక్కి నాలుగు చుట్లు తిప్పాలి. కాసేపు ఆగి పైన మిగిలిన నూనె తుడిచెయ్యాలి. లోపల ఉన్నదే పనిచేస్తుంది. పైన ఉన్నది దుమ్మును పిలుస్తుంది. వెనక రిమ్ముకు గుడ్డ అడ్డం పెట్టుకుంటే ఇంకా మంచిది.

బ్యాటరీ తియ్యకుండా చైను మీద చెయ్యి పెట్టకండి. పిల్లలు ఎక్స్‌లేటరు ముట్టుకున్నారంటే వేళ్లు పోతాయి. చైను కవరు, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ, ఈ రెండూ లేని సైకిలు చీర కట్టేవాళ్లు కొనవద్దు. కొంగు నడుముకు దోపుకోవాలి. మోటారు చక్రం కాలు ఆపినా వెంటనే ఆగకపోవచ్చు.

ఇంకొకటి. వెనక చక్రం ఇరుసు నట్లను వారానికి ఒకసారి పానాతో చూసుకోవాలి. మోటారు తోసేటప్పుడు ఇరుసు తనే తిరగాలని చూస్తుంది. నట్లు వదులైతే ఇరుసు తిరిగి మోటారు వైరును మెలిపెట్టి తెంపుతుంది. చక్రం ఊడి రావచ్చు కూడా. ఇరుసును కదలకుండా పట్టే ఇనుప బద్ద ఒకటి వస్తుంది. మోటారు పెట్టేటప్పుడే అది వేయించుకోవాలి.

ఇప్పుడు పాలక్క రోజూ ఎక్కేముందు రెండు పనులు చేస్తుంది. పాల క్యాన్లు ఇంకా తగిలించకముందే చేస్తుంది. ముందు బ్రేకు ఒక్కటే పట్టి సైకిలును ముందుకు నెడుతుంది. వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు ఒక్కటే పట్టి నెడుతుంది. చక్రం దొర్లకుండా ఈడ్చుకుపోవాలి. పిడి గట్టిగా పట్టినా హేండిలుకూ పిడికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పట్టకపోతే వైరు బయలుదేరే చోట ఉన్న గుండ్రని మరను విప్పుతున్నట్టు తిప్పితే వైరు బిగుస్తుంది. ఇదంతా రెండు నిమిషాల పని.

కట్ట దిగేటప్పుడు మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పడుతుంది. పట్టి వదులుతూ దిగుతుంది. ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది. కానీ ఇసుకలో దాన్ని ఒక్కసారిగా పడితే చక్రం జారుతుంది.

పాలక్క సైకిలు బయట వేపచెట్టు కింద ఉంది. బ్యాటరీ తీసి పెట్టింది. స్కేలు, పానా, పాత గుడ్డ అక్కడే ఉన్నాయి. ఇద్దరిద్దరు రండి. ఒకరు చైను బిగువుగా పట్టండి. ఒకరు స్కేలు మీద అంకె చదవండి.