పొగ లేదు కదా సార్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. మేము గంజాయి గురించి మాట్లాడతాం. ఇది కూడా విద్య సంగతే. ఎందుకంటే మేము ఒక పిల్లవాడికి చెప్పాల్సిన పాఠం చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట పదో తరగతిలో ద్రవాల మరుగు స్థానం గురించి చెబుతున్నాం. వెనక బెంచీ పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, గంజాయిని కాల్చకుండ ఉత్తగ వేడి చేస్తే పొగ రాదంట గదా. పొగ లేదు కదా సార్, మరి నష్టమెక్కడిది?" తరగతంతా నవ్వింది. మేము మండిపడ్డాం. "ఇది బడా, కల్లు దుకాణమా" అని కూర్చోబెట్టాం. వాడు మళ్లీ నోరు విప్పలేదు. నాలుగు నెలలు గడిచాక బడికి రావడమే మానేశాడు.

నిజానికి అది మంచి ప్రశ్న. ఆ రోజు చెప్పని జవాబు ఇవాళ మీ ముందు చెబుతాం. కాస్త ఓపిక పట్టండి.

గంజాయి మొక్క పూల మీద సన్నని జిగురు గ్రంథులుంటాయి. సరుకంతా వాటిలోనే. అయితే పచ్చి మొక్కలో మత్తు పదార్థం దాదాపుగా టీహెచ్‌సీ రూపంలో ఉండదు, టీహెచ్‌సీ ఆమ్లంగా ఉంటుంది. ఆ ఆమ్లానికి మత్తెక్కించే గుణం లేదు. వేడి తగిలితే దాని నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. ఆమ్లం అణుభారం సుమారు 358. అందులోంచి 44 పోతే 314. మా పిల్లలు చేసే తీసివేత లెక్కే. 100 డిగ్రీలు దాటాక ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. అంటే మత్తులో సగం పని మొక్క చేస్తే మిగతా సగం మంట చేస్తోంది. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫేల్ మెషూలం, గయోనీ ఈ టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చారు.

ఇక వాసన సంగతి. మన ఇళ్లలో ఊదు వేస్తాం కదా. బొగ్గు సెగ నిదానంగా ఉంటే ఇల్లంతా కమ్మగా ఉంటుంది, నిప్పు మరీ ఎర్రగా ఉంటే చప్పున మాడి కళ్లు మండే పొగ వస్తుంది. వేసింది అదే ఊదు, సెగ మారింది, గాలిలోకి వచ్చింది మారింది. గంజాయి విషయమూ అంతే. ముందుగా లేచేవి టెర్పీన్లు అనే సువాసన ద్రవ్యాలు. దేవదారు జాతి చెట్ల వాసనిచ్చే పైనీన్ 156 డిగ్రీల దగ్గర, నిమ్మతొక్కలో ఉండే లిమోనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతాయి. టీహెచ్‌సీకి 157 డిగ్రీలు అని ఒక అంకె అన్నిచోట్లా తిరుగుతూ ఉంటుంది. అది పీడనం బాగా తగ్గించిన పాత్రలో కొలిచిన అంకె, మన గదిలో వర్తించదు. పైగా ఆవిరి కావడానికి మరగాల్సిన పని లేదు. జూలూరుపాడు ఎండ 100 డిగ్రీలుండదు, అయినా దండెం మీద బట్టలు ఆరుతున్నాయి కదా. కాబట్టి ఈ డిగ్రీ దాకా ఇది, ఆ డిగ్రీ దాటితే అది అని గీత గీసినట్టు ఏదీ రాదు. అన్నీ కలిసి వస్తాయి, వేడిని బట్టి పాళ్లు మారతాయి.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ప్రచురించిన పరిశోధనలో ఈ పాళ్లనే కొలిచారు. గంజాయిని యంత్రంలో 170, 200, 230 డిగ్రీలకు వేడి చేసి చూశారు. 170 దగ్గర కంటే 200, 230 దగ్గర ఆవిరిలో మత్తు పదార్థాల పాలు పెరిగింది. మరి సిగరెట్టులా కాలిస్తే? కొన దగ్గర వేడి 600 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. అంత వేడిలో ఆకే విరిగిపోయి కార్బన్ మోనాక్సైడ్, తారు, బెంజీన్ లాంటివి పుడతాయి. ఇవి మొక్కలో ఉన్నవి కావు, మంట చేసినవి. తాలింపులో ఎండుమిర్చి మాడితే ఇంట్లో వాళ్లంతా దగ్గుతూ బయటికి పరుగెత్తడం మన మిర్చి జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా!

కాబట్టి ఆ పిల్లవాడు చెప్పిన దాంట్లో సగం నిజం. కాల్చకుండా వేడి చేస్తే తారు తగ్గుతుంది. ఆ సగం ఒప్పుకునే ధైర్యం ఆ రోజు మాకు లేకపోయింది. ఒప్పుకుంటే మిగతా సగం కూడా వినేవాడు.

మిగతా సగం ఇది. పొగ తగ్గితే మత్తు తగ్గదు. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 17 మంది పెద్దవాళ్లకు ఒకే మోతాదు గంజాయిని ఒకసారి కాల్చి, ఇంకోసారి ఆవిరిగా ఇచ్చి చూశారు. వాళ్లెవరూ రోజూ తాగేవాళ్లు కారు. ఆవిరి పీల్చినప్పుడే రక్తంలో టీహెచ్‌సీ ఎక్కువ చేరింది, తడబాటూ ఎక్కువైంది. మంటలో కొంత మందు కాలిపోతుంది, ఆవిరిలో అది కూడా మిగిలి లోపలికి పోతుంది. గొంతు మండదు కాబట్టి పిల్లవాడికి ఆగాలనీ తోచదు. పదహారేళ్ల మెదడు ఇంకా కట్టుబడిలో ఉన్న ఇల్లు. అది పూర్తయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి. ఆ వయసులో తరచుగా తీసుకుంటే జ్ఞాపకం, చదువు దెబ్బతింటాయి, కొందరిలో లేని గొంతులు వినపడే జబ్బు బయటపడుతుంది. యంత్రం మీద ఏ డిగ్రీ పెట్టినా ఇది తప్పదు.

పెన్ను ఆకారంలో నూనె నింపి అమ్మే వేప్‌ల కథ ఇంకొకటి. 2019లో అమెరికాలో వాటివల్ల ఊపిరితిత్తులు పాడై, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలవడమో చనిపోవడమో జరిగింది. అందులో 68 మంది చనిపోయారు. చాలామంది పీల్చింది టీహెచ్‌సీ నూనె. అందులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేల్చారు. మింగితే విటమిన్, వేడి చేసి పీలిస్తే విషం. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం 2019 చట్టంతో నిషేధం. అయినా ఒక పిల్లవాడి జామెట్రీ బాక్సులో మేము దాన్ని చూశాం. స్కెచ్ పెన్ననుకున్నాం!

మన ఊరికే ఎందుకు ఈ బెడద అంటే, రోడ్డు అలాంటిది. మల్కన్‌గిరి, అల్లూరి జిల్లా ఏజెన్సీల నుంచి వచ్చే సరుకు భద్రాచలం దాటి కొత్తగూడెం మీదుగా హైదరాబాద్ దారి పడుతుంది. పేపర్లో వచ్చేది పట్టుబడిన బండి మాట. దారిలో జారిపడే చిన్న పొట్లాలు ఏ పేపర్లోకీ ఎక్కవు.

ఆ పిల్లవాడు బడి మానేసిన ఏడాదికి వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. "సారూ, పిలగాడు రాత్రిళ్లు పండుకుంటలేడు. ఎవరో పిలుస్తున్నరు అంటడు. తలుపులన్నీ మూస్తడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరుకు చూపిద్దామంటే, పోలీసులకు తెలుస్తుందని భయపడింది. ఆ భయం పోగొట్టడానికి మాకు రెండు వారాలు పట్టింది. మత్తు మందుల చట్టం, 1985లోని 64ఎ సెక్షన్ ప్రకారం, వ్యసనంలో పడినవాడు కొద్ది పరిమాణంతో దొరికినా, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లు పిల్లల్ని గదుల్లో పెట్టి తాళం వేస్తున్నాయో. సలహా కోసం 14446కు ఫోన్ చేయవచ్చు, డబ్బు అడగరు.

చికిత్సకు వాడిని ఖమ్మం తీసుకెళ్లాం. మందులకంటే బస్సు ఖర్చే వాళ్లమ్మకు భారమైంది. వెళ్లిన ప్రతి రోజూ మిర్చి ఏరే కూలి పోయేది. మూడోసారి వెళ్లాల్సిన రోజు వెళ్లలేదు, మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి మా టీచర్లం తలా కొంత వేసుకున్నాం. ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టాడు. లెక్కల్లో ఇంకా తడబడతాడు, అంకెలు కాసేపటికే మరిచిపోతాడు.

దాతలకు మా విన్నపం ఒకటే. పుస్తకాల నిధి పక్కనే ఇంకో చిన్న నిధి పెట్టండి. ఆసుపత్రికి పోయి వచ్చే బస్సు ఛార్జీ, తోడు వెళ్లే తల్లికి ఆ రోజు కూలి. అంతే. రసీదు పుస్తకంలో పిల్లవాడి పేరు రాయొద్దు, నంబరు చాలు. పేరు రాస్తారంటే ఏ తల్లీ రాదు.

మొన్న జూన్‌లో మరుగు స్థానం పాఠం మళ్లీ వచ్చింది. ఎవరూ అడగకముందే మేమే బల్ల మీద దీపం పెట్టి, గిన్నెలో ఊదు వేసి, నిదానంగా ఒకసారి, మంట పెంచి ఒకసారి చూపించాం. గది నిండా పొగ. ముందు బెంచీ అమ్మాయి ముక్కు మూసుకుంటూ అడిగింది, "సార్, మరి పొగ రాకపోతే?" సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 358 అని రాశాం.