ఓయ్‌పెన్–మాల్‌మెడీ: ఒక సరిహద్దు జిల్లాను అడిగిన రెండు ప్రశ్నలు



ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు, చరిత్రను రాజధానిలో కాదు, తాలూకా కచేరీలో కూర్చుని చదవాలనేవారు. ఆ మాట పట్టుకునే ఈ ఏడు ఒక చిన్న జిల్లాను ఎంచుకున్నాను. ఒకప్పటి జర్మనీ పడమటి అంచున, ఆఖెన్ నగరానికి దక్షిణాన మాల్‌మెడీ అనే జిల్లా ఉండేది. దానికి ఉత్తరాన ఓయ్‌పెన్ జిల్లా. ఇవాళ ఆ రెండు ఊళ్ళూ బెల్జియంలో ఉన్నాయి. 1914లో అక్కడ పుట్టిన మనిషి గడప దాటకుండానే మొదట జర్మన్, తరవాత బెల్జియన్, మళ్ళీ జర్మన్, మళ్ళీ బెల్జియన్ అయ్యాడు.

ఫ్రెంచి విప్లవం దాకా మాల్‌మెడీ, పొరుగున ఉన్న స్టావ్లో ఒకే మఠాధిపతి ఏలుబడిలో ఉండేవి. 1795లో ఫ్రాన్సు ఆ ప్రాంతాన్ని కలిపేసుకుంది. నెపోలియన్ ఓడిపోయాక, 1815లో వియన్నాలో కూర్చున్న రాజ్యాలు ఆ జంటను విడదీశాయి. స్టావ్లో నెదర్లాండ్స్‌కు పోయింది, మాల్‌మెడీ ప్రష్యాకు వచ్చింది. మరుసటి ఏడు ప్రష్యా అక్కడ జిల్లాలు ఏర్పరచింది. 1821లో సాంక్ట్ ఫిట్ జిల్లాను రద్దు చేసి మాల్‌మెడీలో కలిపింది. దాంతో ఒకే జిల్లాలో రెండు భాషలు చేరాయి. మాల్‌మెడీ, వైమ్స్ చుట్టుపక్కల ఫ్రెంచికి చుట్టమైన వలూన్ మాట్లాడతారు. దక్షిణాన సాంక్ట్ ఫిట్ వైపు పల్లెల్లో జర్మన్.

మొదట్లో ప్రష్యా దీన్ని పట్టించుకోలేదు. మాల్‌మెడీ కచేరీలో ఫ్రెంచి చాలాకాలం నడిచింది. 1860ల నుంచి పట్టు బిగిసింది. 1876 చట్టంతో రాజ్యమంతటా అధికార భాష జర్మన్ ఒక్కటే అయింది, బడులదీ అదే దారి. కాథలిక్ చర్చితో బిస్మార్క్ తగువు పెట్టుకున్న రోజులు కూడా అవే. సూర్‌బ్రోట్ ఊరి ఫాదరీ నికోలా పియెత్కిన్ వంటివారు భాషను చర్చి గోడల మధ్య కాపాడారు. 1898లో మాల్‌మెడీలో వలూన్ క్లబ్బు వెలిసింది. అయినా బతుకుతెరువు జర్మనీతోనే ముడిపడింది. 1880లలో ఆఖెన్ నుంచి మోన్‌షావ్ మీదుగా సాంక్ట్ ఫిట్‌కు ఫెన్‌బాన్ అనే రైలుమార్గం పడ్డాక ఆ ముడి మరింత బిగిసింది.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత వెర్సాయ్ సంధి ఈ జిల్లాలను బెల్జియానికి ఇచ్చింది. అందులోని 34వ అధికరణ దగ్గర కాసేపు ఆగుదాం. ప్రజాభిప్రాయం తెలుసుకోవాలని అది చెబుతుంది. బ్యాలెట్ పెట్టె మాత్రం లేదు. ఓయ్‌పెన్‌లో ఒకటి, మాల్‌మెడీలో ఒకటి రిజిస్టర్లు తెరిచి ఆరు నెలలు ఉంచారు. జర్మనీలోనే ఉండాలనుకున్నవాళ్ళు స్వయంగా వెళ్ళి, పేరు చెప్పి, రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలి. మారుమూల పల్లె రైతు పనులు మానుకుని పట్నం చేరాలి. అక్కడ బల్ల అవతల కూర్చున్నది రేపటి నుంచి తనను పాలించబోయే ప్రభుత్వపు అధికారి. బెల్జియం కావాలనేవాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు, వాళ్ళ మౌనమే అంగీకారం. రేషను కార్డు పోతుందని, ఊళ్ళోంచి వెళ్ళగొడతారని బెదిరింపులు వచ్చినట్టు ఫిర్యాదులు కూడా వెళ్ళాయి.

ఓటు హక్కున్నవాళ్ళు 33,726 మంది. రిజిస్టరులోకి ఎక్కిన పేర్లు 271. 1920 సెప్టెంబరులో నానాజాతి సమితి ఈ లెక్కకు ఆమోదముద్ర వేసింది. ఆ 271 ఎంతమంది జర్మనీని కోరుకున్నారో చెప్పే అంకె కాదు. ఎంతమంది సంతకం పెట్టే ధైర్యం చేశారో చెప్పే అంకె.

1920 నుంచి అయిదేళ్ళు జనరల్ బాల్టియా అనే హైకమిషనరు శాసనాధికారం, పాలనాధికారం రెండూ తన చేతిలో ఉంచుకుని ఏలాడు. 1925లో ఈ ప్రాంతం బెల్జియంలో పూర్తిగా కలిసింది. ఆ వెంటనే డబ్బు తీసుకుని దీన్ని జర్మనీకి తిరిగి ఇచ్చేయాలని బెల్జియమే రహస్యంగా బేరమాడింది. ఫ్రాన్సు అడ్డుపడటంతో ఆ బేరం చెడింది. అప్పుడూ ఊళ్ళో ఎవరినీ అడగలేదు.

రైలుమార్గం సంగతి ఇంకా విడ్డూరం. పట్టాలు జర్మనీలోని మోన్‌షావ్ జిల్లా గుండా పోతాయి. బెల్జియానికి కొత్తగా వచ్చిన ఊళ్ళకు ఆ దారే దిక్కు కనుక పట్టాల కింది నేల బెల్జియానిదే అని తేల్చారు. కొన్ని మీటర్ల వెడల్పున్న ఆ పట్టీకి అవతల మిగిలిన జర్మన్ నేల దీవులైపోయింది. పట్టాలు పోయి వాటి స్థానంలో సైకిలు బాట వచ్చింది. అయిదు దీవులు మాత్రం నేటికీ ఉన్నాయి.

తీరని అసంతృప్తి ఎటు లాగుతుందో 1930లు చూపించాయి. జర్మనీలో కలవాలనే పార్టీకి 1939 ఎన్నికల్లో సగానికి దగ్గరగా ఓట్లు పడ్డాయి. 1940 మే 18న హిట్లర్ ఒక్క ఉత్తర్వుతో జిల్లాలను కలిపేసుకున్నాడు. చాలా ఊళ్ళలో జెండాలతో స్వాగతం పలికారు. దాని ఖరీదు తరవాత తెలిసింది. ఎనిమిది వేలకు పైగా యువకులను జర్మన్ సైన్యంలోకి లాక్కుపోయారు. 1944 డిసెంబరు 17న మాల్‌మెడీ దగ్గరి బోన్యే కూడలిలో నాజీ ఎస్ఎస్ దళం 84 మంది అమెరికన్ యుద్ధఖైదీలను కాల్చి చంపింది. కొద్ది రోజులకే, అమెరికన్ల చేతుల్లోనే ఉన్న మాల్‌మెడీ మీద అమెరికన్ విమానాలే పొరపాటున బాంబులు వేశాయి. క్రిస్మస్ నాడు, మర్నాడు జరిగిన దాడుల్లో సాంక్ట్ ఫిట్ నేలమట్టమైంది. యుద్ధం ముగిశాక, ప్రాంతం తిరిగి చేతికొచ్చిన బెల్జియం, శత్రువుకు సహకరించారంటూ విచారణలు మొదలుపెట్టి వేలకొద్దీ జనాన్ని అనుమానితులను చేసింది.

నూటయాభై ఏళ్ళపాటు వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఈ జనాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘మీరు ఎవరివాళ్ళు?’ 1963 భాషా చట్టాలతో ప్రశ్న మారింది: ‘కచేరీ మీతో ఏ భాషలో మాట్లాడాలి?’ దీనికి జవాబు చెప్పడానికి ఎవరూ భయపడనక్కర్లేదు. ఓయ్‌పెన్, సాంక్ట్ ఫిట్ వైపు జర్మన్ భాషా ప్రాంతమైంది. మాల్‌మెడీ, వైమ్స్ ఫ్రెంచి వైపు నిలిచాయి, అక్కడి జర్మన్ భాషీయులకు ప్రత్యేక సదుపాయాలు దక్కాయి. 1973లో జర్మన్ భాషీయులకు సొంత మండలి వచ్చింది. ఇవాళ సుమారు ఎనభై వేల జనాభాకు ఓయ్‌పెన్‌లో 25 మంది సభ్యుల పార్లమెంటు ఉంది. బడి, సంస్కృతి వ్యవహారాలు దాని చేతిలోనే ఉన్నాయి.

ఇదంతా బెల్జియం ఔదార్యం అనుకుంటే పొరపాటు. ఫ్లెమిష్, ఫ్రెంచి భాషీయుల కొట్లాట తీర్చడానికి చేసిన ఏర్పాటులో ఈ చిన్న జనానికీ వాటా దొరికింది. కారణం ఏదైనా ఫలితం నిలిచింది. భూమి ఎవరిదన్న తగవులో ఒకరు గెలిస్తే మరొకరు ఓడాలి. సేవ ఏ భాషలో అన్న విషయంలో ఇద్దరికీ చోటుంటుంది.

విద్యార్థులకు నేను చెప్పదలచింది ఇదే. ప్రజలు ఒప్పుకున్నారని ఏ ప్రభుత్వ కాగితం చెప్పినా, ఎంతమంది అన్న అంకె దగ్గర ఆగిపోకండి. ఏమని అడిగారు, ఎక్కడ అడిగారు, కాదన్నవాడికి ఏమవుతుంది — ఈ మూడూ రాబట్టాకే ఆ అంకెను నమ్మండి.