చీటీ మీద తారీఖు

 

ఇంజనీరు కదా, బాయిలర్ల గురించి చెప్తాడని అనుకుని ఉంటారు. నేను మాట్లాడేది తాగుడు మానడానికి దవాఖానలో చేరకుండా, ఇంట్లోనే ఉండి ఓపీకి తిరుగుతూ మందులు వాడేవాళ్ల గురించి. మన బ్యాచ్‌ అతనొకరు బొగ్గుబావిలో పనిచేస్తూ నాలుగేళ్లుగా అట్లా తిరుగుతున్నాడు. మొదటి ఏడాది నెలనెలా ఆయన వెంట పోయింది నేనే. చెప్పమన్నదీ ఆయనే, పేరు వద్దన్నదీ ఆయనే.

2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. అంటే ఎక్కువమందికి దిక్కు ఆ ఓపీ చీటీయే.

మానడం చేతగాక తాగుతున్నారని అంటాం. కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్లను చూడండి. 41 రోజులు చుక్క ముట్టరు. మాల తీసిన రోజు సాయంత్రానికి మళ్లీ మొదలు. మాలలో ఉన్నన్నాళ్లు పొద్దున్నే స్నానం, పక్కన పది మంది స్వాములు, ఎదురొచ్చిన ప్రతివాడూ "స్వామీ" అని పిలవడం ఉంటాయి. ఓపీలో చేతికి మాత్రలిచ్చి నెల తర్వాత రమ్మంటారు. ఆ నెలంతా పలకరించేవాడు ఉండడు.

ఇక్కడొక మాట. రోజూ బాగా తాగేవాడు మాల కోసమైనా ఒక్కసారిగా ఆపితే ప్రమాదమే. చేతులు వణుకుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, తర్వాత లేనివి కనిపించి మతి తప్పవచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించకుండా దవాఖానకు తీసుకుపోవాలి. కల్తీ కల్లుదీ ఇదే కథ. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. 2015లో దాడులు చేసి కల్లు ఆపినప్పుడు నిజామాబాద్ వైపు జనం ఎట్లా పిచ్చిగా ప్రవర్తించారో మీకు గుర్తుండే ఉంటుంది.

మా వాడికి మొదటి వారం గడిచింది. కష్టం రెండో నెలలో మొదలైంది. ఒంట్లో బాగుంది, అన్నం సహిస్తోంది, ఇక దవాఖాన ఎందుకన్నాడు. ఓపీ పొద్దున ఉంటుంది, ఆయనదేమో ఆ వారం మొదటి షిఫ్టు. పోవాలంటే ఒక నాగా. పైగా మానసిక విభాగం బోర్డు కింద లైనులో నిలబడితే తెలిసినవాళ్లు చూస్తారని భయం. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆ లైనులో ఆడవాళ్లే ఎక్కువ కనిపించేవారు. బస్సు ఫ్రీ కాబట్టి భార్య వచ్చి మాత్రలు తీసుకుపోతుంది, మనిషి మాత్రం రాడు. డాక్టరు చూడాల్సింది మనిషిని కదా!

ఇంకొందరు ఇంటివాళ్లు తెలియకుండా చారులో మందు కలుపుతారు. డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ పెరిగి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా వాడాల్సింది. అక్కలకు, చెల్లెళ్లకు చేతులెత్తి చెప్తున్నా, ఆ పని చేయకండి.

దసరాకు ముందు లాభాల వాటా చేతికొచ్చింది. బావ వచ్చాడు, మా వాడు తాగాడు. తర్వాత తారీఖుకు రానన్నాడు, ఏ ముఖం పెట్టుకుని పోవాలని. బలవంతంగా తీసుకుపోయా. డాక్టరమ్మ తిట్టలేదు. ఎన్ని రోజులు తాగావు, ఎవరితో, ఏ వేళకు అని అడిగి రాసుకుంది. "తాగినా రావాలె, తాగితే ఇంకా ముందే రావాలె" అంది. ఆ మాట లేకపోతే ఆయన అక్కడితో ఆగిపోయేవాడని నా నమ్మకం. తర్వాత రెండుసార్లు జారాడు. రెండుసార్లూ వారంలోపే పోయాడు. షిఫ్టు మార్పించడానికి వాళ్ల సూపర్‌వైజరు సాయపడ్డాడు. తారీఖుకు ముందు రాత్రి నేనో, ఆయన కొడుకో ఫోన్ చేసేవాళ్లం, అంతే.

ఇక మన సంగతి. ప్రతి గెట్ టుగెదర్‌లోనూ రాత్రికి సిట్టింగ్ ఉంటుంది. "ఒక్కటేరా, మా కోసం" అని గ్లాసు చేతిలో పెడతాం. పోయినేడు మా వాడు అందుకే రాలేదు. ఈసారి వచ్చాడు, ఈ హాల్లోనే ఉన్నాడు. వద్దన్నవాడిని ఎందుకని అడగకండి.

ఫోన్‌లో రెండు నంబర్లు దాచుకోండి: వ్యసన విముక్తికి 14446, టెలి మానస్ 14416. రెండూ ఉచితం.

భోజనాల దగ్గర టేబుల్ మీద ఒక నోటుబుక్ పెట్టాను. గోదావరిఖని, మంచిర్యాల, జగిత్యాల, ఆదిలాబాద్‌కు వేరువేరు పేజీలున్నాయి. నెలకొక్క పొద్దున ఒకరి వెంట ఓపీకి పోగలిగినవాళ్లు మీ పేరు, నంబరు రాయండి. మొదటి పేరు నాది, రెండోది మా వాడిది.